లోసలీన్ లేని పావుగంట

మగవాళ్ళను రోగుల గదిలోంచి పంపించడానికి నర్సు లోసలీన్ దగ్గర మూడు పద్ధతులుండేవి. మంచిమాటతో పోయేవాళ్ళకు, "అయ్యా, కింద మందుల గదిలో మీ సంతకం కావాలట" అని చెప్పేది. కింద ఎవరూ ఏ సంతకమూ అడగరు. కాస్త మొండివాళ్ళయితే మలపాత్ర చేత్తో పట్టుకుని మంచం పక్కన ఊరికే నిలబడేది. దానికీ కదలకపోతే బకెట్టు, తడిగుడ్డ తెచ్చి వాళ్ళ కాళ్ళ కిందే నేల తుడవడం మొదలుపెట్టేది. ఒక చర్చి పెద్దను అలా కుర్చీతో సహా వరండాలోకి తోసేసిందని ఆస్పత్రిలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

"అబద్ధం," అంది నాతో. "కుర్చీ ఆయనే మోసుకుపోయాడు. నేను తలుపు మాత్రం పట్టుకున్నా."

మగవాళ్ళు పోయాక తలుపు వేసి, మంచం మీది పిల్ల పక్కన కూర్చుని, ఒక్క ప్రశ్న అడిగేది. నీకు బిడ్డలు కావాలా?

ఈ సంగతులేవీ ఆమె నాకు ఒక్క దఫాలో చెప్పలేదు. టోంగా రాజధాని నుకుఅలోఫాలో మా వీధి ఆడవాళ్ళం బుధవారం మధ్యాహ్నాలు చర్చి వెనక షెడ్డులో కూర్చుని చాపలు అల్లుతాం. నాకు అల్లడం నేర్పింది లోసలీనే. ఇరవై ఏళ్ళుగా నేర్చుకుంటున్నా నా అంచులు వంకరే. ఆమె మొగలాకులు పరకలుగా చీలుస్తూ ఒక మాట చెప్పేది, పది పరకలయ్యాక ఇంకో మాట. ఆమె పక్కన కూర్చున్నవాళ్ళకు ఇంకో చప్పుడు కూడా వినిపించేది. టక్, టక్, టక్ అని, చిన్న గోడగడియారం లాగా. చర్చిలో పాదిరిగారు కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెడితే, ముందు వరసలో పిల్లలు గడియారం కోసం మెడలు తిప్పి చూసేవారు. ఆ చప్పుడు ఆమె గుండెలోది.

ఈ దీవుల్లో చాలామంది పిల్లలకు వచ్చినట్టే ఆమెకూ చిన్నప్పుడు గొంతునొప్పి వచ్చింది. తరవాత జ్వరం, మోకాళ్ళ వాపు. జ్వరం పోయింది. లోపల వాల్వు పాడైపోయిందని ఇరవై ఒకటో ఏట చర్చి మెట్లెక్కలేక కూలబడ్డప్పుడు తెలిసింది. అది ఎనభై నాలుగో సంవత్సరం. న్యూజిలాండ్‌లోని ఆక్లండ్‌కు పంపించారు. అక్కడ కాగితాల మీద ఆమె తండ్రి, పాదిరిగారు కలిసి సంతకాలు చేశారు. ఇనుప వాల్వు వేశారు.

"మంచిదే వేశారు," అనేది. "ముప్పై ఏళ్ళు దాటినా ఆడుతోంది. నా మొగుడి పడవ ఇంజను మూడుసార్లు మారింది."

ఇనుప వాల్వు వేస్తే బతికినన్నాళ్ళూ రక్తం గడ్డకట్టకుండా మాత్రలు మింగాలి. ఆ మాత్ర కడుపులోని బిడ్డకు విషం. మానేస్తే వాల్వు మీద గడ్డ కట్టి తల్లికి చావు. ఆదివారం అందరూ చామాకుల్లో కొబ్బరిపాలు, మాంసం పెట్టి కాల్చిన పొట్లాలు మూడేసి తింటుంటే, ఆమె సరిగ్గా ఒకటి తినేది. ఆకు ఎక్కువైతే మాత్ర పనిచెయ్యదు. ముప్పై ఏళ్ళలో రెండోది తినలేదు. పిల్లల సంగతి ఆపరేషనయ్యాక ఒక నర్సు చెప్పింది, కట్టు మారుస్తూ. అప్పటికి ఎవరిమీద కోపం తెచ్చుకోవాలో కూడా ఆమెకు తెలియలేదట. చెల్లెలు తన కూతురు వికాను పెంచుకోమని ఇచ్చింది. మా వీధిలో సగం మంది అలా ఒక ఇంట పుట్టి ఇంకో ఇంట పెరిగినవాళ్ళే. వికాకు పన్నెండేళ్ళప్పుడు చెల్లెలి కుటుంబం ఆక్లండ్ వెళ్తూ పిల్లను తిరిగి ఇమ్మని అడిగితే, ఇవ్వనంటానికి నోరు రాలేదు.

ఆ తరవాతే లోసలీన్ గుండె వార్డుకు మార్చమని అడిగింది. ఏటా జూలైలో న్యూజిలాండ్ నుంచి డాక్టర్ల బృందం ఒక వారం కోసం వచ్చేది. దేశంలో గుండె కోసేవాళ్ళు ఇంకెవరూ లేరు. ఏడాదంతా పోగైన రోగుల్లో ఇరవై మందికి ఆ వారంలో ఆపరేషను. అందులో ఎక్కువ మంది పెళ్ళీడు పిల్లలూ, కొత్తగా పెళ్ళయినవాళ్ళూ. ఇనుప వాల్వు కాక ఇంకోటి కూడా ఉంది. పందిది. దానికి మాత్రలక్కర్లేదు, బిడ్డల్ని కనొచ్చు. కాని పదేళ్ళకో పన్నెండేళ్ళకో అరిగిపోతుంది, మళ్ళీ రొమ్ము కొయ్యాలి. ఏది కావాలో పిల్ల చెప్పాలి. చెప్పాలంటే ఎవరో ఒకరు అడగాలి.

అడగడమే ఇక్కడ కష్టం. టోంగాలో అన్నదమ్ముల ముందు ఆడపిల్ల కడుపు, కాన్పు, మొగుడు అన్న మాటలు ఎత్తదు. అన్న ఉన్న గదిలో పడుకోదు. సినిమాలో ముద్దు వస్తే ఇద్దరిలో ఒకరు లేచి బయటికి పోవాల్సిందే. పెదనాన్న పిన్నుల పిల్లలు, వాళ్ళ పిల్లలు అందరూ అన్నదమ్ముల లెక్కే కాబట్టి, ఏ గదిలోనైనా ఎవరో ఒక అన్న ఉండనే ఉంటాడు. దాన్ని ఎవరూ బరువనుకోరు. అన్నకు ఇచ్చే గౌరవం అది, చెల్లెలికిచ్చేది కూడా. లోసలీన్ కూడా అలా పెరిగిందే. అందుకే ఆ బకెట్టు, ఆ తడిగుడ్డ.

రెండువేల పదిహేడు జూలైలో హాఅపాయ్ దీవి నుంచి తోకిలూపే వచ్చింది. ఇరవై మూడేళ్ళు. సెమీసి అనే జాలరితో పెళ్ళయి ఐదు నెలలు. పడుకుంటే ఊపిరాడక, గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోయేది. శనివారం బృందం రోగులను చూసి జాబితా వేసింది. తోకిలూపేకు గురువారం ఆపరేషనని రాశారు. సెమీసిని సంతకం కోసం కిందికి పంపి లోసలీన్ తలుపు వేసింది.

"పంది వాల్వేనా పెద్దమ్మా?" అంది తోకిలూపే అంతా విని. "మరి విందుల్లో నేను పంది మాంసం తినొచ్చా? చుట్టాల్ని తిన్నట్టవదూ?"

"నువ్వు తినకపోతే మీ అత్తగారు సంతోషిస్తుంది. నీ వాటా ఆవిడ తింటుంది."

"ఆవిడ వాటా ఇప్పటికే రెండు." నవ్వితే దగ్గు వచ్చింది, దగ్గితే పెదాలు నీలంగా మారాయి. తేరుకుని అంది, "పదేళ్ళు చాలు పెద్దమ్మా. పదేళ్ళల్లో ఒక్కర్ని కంటాను. తరవాత మళ్ళీ కోసుకుంటే కోసుకోమను."

"సరే. ఫైల్లో రాస్తాను."

తోకిలూపే ఆమె చెయ్యి పట్టుకుంది. "రాయొద్దు. ఆ ఫైలు కిటియోనే అన్న చూస్తాడు."

కిటియోనే ఆ వార్డులోనే మగనర్సు. ఫిజీలో చదువుకుని వచ్చిన కుర్రాడు, ఇరవై ఆరేళ్ళు, డాక్టర్లతో గబగబా ఇంగ్లీషు మాట్లాడగలవాడు. అతని తల్లీ తోకిలూపే తల్లీ అక్కచెల్లెళ్ళ పిల్లలు.

"అన్న చదువుతాడంటే నాకు చచ్చినంత సిగ్గు," అంది తోకిలూపే.

లోసలీన్ పెన్ను మూసి జేబులో పెట్టుకుంది. తను ఆ వయసులో ఉన్నా అదే మాట అని ఉండేది. "రాయనులే. డాక్టరమ్మతో నోటితో చెప్తాను. నీతో మాట్లాడేటప్పుడు నేను గదిలోనే ఉంటాను."

"ఒట్టు?"

"నర్సులు ఒట్లు పెట్టరు. ఉంటానన్నాగా."

ఆదివారం ఇక్కడ ఎవరూ ఏ పనీ చెయ్యరు కాబట్టి డాక్టర్లు కూడా గెస్ట్‌హవుసులో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్నారు. సోమ, మంగళవారాలు బాగా జరిగాయి. డాక్టరమ్మ రోవెన్ అనే ఆవిడ, యాభై దాటిన మనిషి, పొట్టిగా ఉంటుంది, పీట వేసుకుని నిలబడి గుండెలు కోస్తుంది. లోసలీన్ అంటే ఆవిడకు గురి. బుధవారం సాయంత్రం చెబుదామనుకుంది లోసలీన్.

బుధవారం పదకొండు గంటలకు రెండు సంగతులు ఒకేసారి జరిగాయి. ఆ మధ్యాహ్నం ఆపరేషను కావలసిన ముసలాయనకు జ్వరం వచ్చింది. ఆయన బదులు తోకిలూపేను ముందుకు జరిపారు. అదే సమయానికి, పొద్దున ఆపరేషనైన పద్నాలుగేళ్ళ పిల్లకు గొట్టాల్లోంచి రక్తం కారడం ఆగలేదు. బృందంలో ఇంకో డాక్టరు మంచం మీదే రొమ్ము మళ్ళీ తెరవాల్సి వచ్చింది. ఆ పిల్లకు రక్తం సంచులు పిండి ఎక్కించడానికి లోసలీన్ చేతులు కావలసి వచ్చాయి.

పరిగెడుతూ కిటియోనేకు చెప్పింది. "డాక్టరమ్మ తోకిలూపే దగ్గరికొస్తే నన్ను పిలు. నేను రాకుండా మాట్లాడనివ్వకు."

"ఎందుకు పిన్నీ?"

"ఎందుకో తరవాత. పిలువు, అంతే."

ఎందుకో చెబితే, తోకిలూపే చెప్పొద్దన్నది అతనికి చెప్పినట్టే. అందుకని చెప్పలేదు.

డాక్టర్ రోవెన్ వచ్చింది. ఆవిడకు రెండు ఆపరేషన్ల మధ్య పావుగంట తీరిక. కిటియోనే లోసలీన్ కోసం కబురు పెట్టాడు. రక్తం ఎక్కిస్తోంది, ఇప్పుడు రావడం కుదరదన్నారు. "నువ్వున్నావుగా, నువ్వు చెప్పు," అంది డాక్టరమ్మ. అతను మంచం కాళ్ళవైపు నిలబడ్డాడు. తోకిలూపే దుప్పటి గడ్డందాకా లాక్కుంది.

ఆ పావుగంటలో ఏం జరిగిందో కిటియోనే తానే చెప్పాడు, చాలా కాలానికి.

డాక్టరమ్మ అడిగింది, "ఈమెకు పిల్లలు కావాలా? కావాలంటే పంది వాల్వు వేస్తాను. లేకపోతే ఇనుపదే నయం, మళ్ళీ కొయ్యక్కర్లేదు. అడుగు."

కిటియోనే కిటికీలోంచి బయటికి చూశాడు. బయట ఎవరో కొబ్బరిమట్టలు ఈడ్చుకుపోతున్నారు. చెల్లెలితో ఆ మాట అతని నోట రాలేదు. తిరగకుండానే, "వాల్వు సంగతి అడుగుతోంది డాక్టరమ్మ. ఏది మంచిదైతే అది వెయ్యమని చెప్పనా?" అన్నాడు.

తోకిలూపే చాలాసేపటికి, "ఊ," అంది దుప్పట్లోంచి.

"డాక్టరు ఏది మంచిదంటే అది వెయ్యమంటోంది," అన్నాడు ఇంగ్లీషులో.

"అయితే పిల్లలు అక్కర్లేదన్నమాట?"

ఔనంటే చెల్లెలి కడుపు గురించి తనకు తెలిసినట్టు. కాదన్నా అంతే. డాక్టరమ్మ వాడిన మాటే అతని నోటికీ వచ్చింది. "అక్కర్లేదు."

డాక్టరమ్మ తోకిలూపే వైపు చూసి నవ్వి, ఆమె పాదం మీద తట్టి, వెళ్ళిపోయింది.

రక్తం కారిన పిల్ల బతికింది. లోసలీన్ చేతులు కడుక్కుని వార్డుకు వస్తే తోకిలూపే మంచం ఖాళీగా ఉంది. కిటియోనే ఫైళ్ళు సర్దుతున్నాడు.

"తీసుకెళ్ళారు పిన్నీ. అన్నీ మాట్లాడేశాం."

"ఎవరు అడిగారు? ఏమని అడిగారు?"

అతను ఫైళ్ళ అంచులు మళ్ళీ సమం చేశాడు. లోసలీన్‌కు వెంటనే అర్థమైంది. ఆపరేషను గది ఇంకో కట్టడంలో ఉంది. ఆమె ఇనుప గుండెతో పరిగెత్తకూడదు. పరిగెత్తింది. మాస్కూ టోపీ పెట్టుకుని లోపలికి వెళ్ళేసరికి తోకిలూపే గుండె ఆగి ఉంది. పక్కన మెషీను దాని పని చేస్తోంది. డాక్టర్ రోవెన్ పీట మీద నిలబడి కుట్లు బిగిస్తోంది. బల్ల మీద ఖాళీ డబ్బా ఉంది. దాని రంగు చూస్తే చాలు, ఏ వాల్వో ఇక్కడ ఎవరైనా చెబుతారు.

"డాక్టర్, ఇనుపది ఎందుకు వేశారు?"

"ఆమె పిల్లలు వద్దంది."

"ఆమె అనలేదు. ఆమెకు కావాలి. శనివారం నాతో చెప్పింది. చెబుతానని నేనే అన్నాను."

డాక్టరమ్మ చేతులు ఆగాయి. గదిలో మెషీను తిరుగుతున్న చప్పుడు. మాస్కు పైనుంచి లోసలీన్‌ను చూసి, మెషీను దగ్గరున్న అమ్మాయిని అడిగింది. "గుండె ఆగి ఎంతసేపు?"

"ఎనభై ఒక్క నిమిషాలు."

"దీన్ని కోసి తీసి, ఇంకోటి కుట్టాలంటే ఇంకో గంట." ఎవరికీ చెబుతున్నట్టు కాకుండా అంది. "ఈ గుండె ఇంకో గంట తట్టుకోదు. తీస్తే ఈమె బల్ల మీంచి లేవదు."

తరవాత ఆవిడ దారం కోసం చెయ్యి చాచింది. లోసలీన్ దారం అందించలేదు, ఇంకెవరో అందించారు. ఇంకా ఐదు కుట్లు ఉన్నాయి. లోసలీన్ నిలబడి ఐదూ లెక్కపెట్టింది.

మర్నాడు పొద్దున గొట్టం తీశాక తోకిలూపే మొదటగా అన్న మాట ఇది. "పెద్దమ్మా, ఆ చప్పుడు నీదా, నాదా?"

లోసలీన్ అబద్ధం చెబుదామనుకుంది. చెప్పలేకపోయింది. "ఇద్దరిదీ."

తోకిలూపే కళ్ళు మూసుకుంది. కన్నీళ్ళు పక్కలకు జారి చెవుల్లోకి పోయాయి. ఏడిస్తే కుట్లు లాగుతాయి కాబట్టి కదలకుండా ఏడ్చింది. సాయంత్రం జావ తాగుతూ చెప్పింది. "నాకు ఇంగ్లీషు అర్థమైంది పెద్దమ్మా. అక్కర్లేదు అని అన్న అనడం విన్నాను. నోరు విప్పితే చాలు."

"మరి?"

"అన్న ఉన్నాడుగా." జావ గిన్నె పక్కన పెట్టింది. "అన్నను ఏమీ అనకు. ఆయన మాత్రం ఏం చేస్తాడు."

డిశ్చార్జి రోజున లోసలీన్ అన్నీ చెప్పింది. మాత్ర ఒక్కరోజు కూడా మానకూడదని, నెలనెలా వేలు గుచ్చి రక్తం చూపించుకోవాలని, ఆదివారం చామాకు పొట్లం ఒక్కటేనని. బిడ్డ మాట కూడా తానే ఎత్తింది. ఆక్లండ్ లాంటి చోట అయితే రోజుకు రెండు సూదులు వేసి, వారం వారం రక్తం చూసి కాన్పు గట్టెక్కిస్తారు. హాఅపాయ్‌లో ఎవరు వేస్తారు? వికా గురించి చెప్పింది. పెంచుకోవచ్చని, పెంచుకుంటే కడుపున పుట్టినట్టేనని.

"కడుపున పుట్టినట్టే ఉందా నీకు?" అంది తోకిలూపే. తిట్టినట్టు అనలేదు. నిజంగా తెలుసుకుందామని అడిగింది. లోసలీన్ మాత్రల సంచికి ముడి వేసి ఆమె చేతికిచ్చింది.

మొదటి ఏడాది తోకిలూపే దీవి నుంచి నెలనెలా ఫోను చేసేది. వేలి రక్తం లెక్క చెప్పి, అత్తగారి మీద నాలుగు చెప్పేది. "మా ఇంట్లో పిల్లిక్కూడా మూడో కాన్పు పెద్దమ్మా. అత్తగారు దానికి చేపలు వండి పెడుతూ నా వైపు చూస్తుంది." ఇంకోసారి, "సెమీసికి నా చప్పుడుకు నిద్ర పట్టదట. పడవ ఇంజను పక్కన గురక పెడతాడు, నా పక్కన పట్టదట" అంది. లోసలీన్ నవ్వేది. ఫోను పెట్టేశాక చాపలో ఎన్ని పరకలేసిందో మరిచిపోయేది.

రెండో ఏడాది ఫోన్లు తగ్గాయి. దీవి ఆస్పత్రి నర్సు, తోకిలూపే వేలు చూపించుకోవడానికి రెండు నెలలుగా రాలేదని చెప్పింది. లోసలీన్ ఫోను చేసింది.

"మాత్ర వేసుకుంటున్నావా?"

"వేసుకుంటున్నా పెద్దమ్మా."

"నిజం చెప్పు."

"చామాకు కూడా ఒక్కటే తింటున్నా. నీ మీద ఒట్టు."

ఒట్టు పెట్టిందంటే అబద్ధమేనని లోసలీన్‌కు ఆ క్షణంలో తోచలేదట. తోచి ఉంటే మర్నాటి పడవెక్కేదాన్ని అంది. ఈ మాట నాతో మూడు వేరువేరు బుధవారాల్లో చెప్పింది, ఇంతకు ముందు చెప్పలేదన్నట్టుగా.

పందొమ్మిదో సంవత్సరం సెప్టెంబరులో ఒక శనివారం మధ్యాహ్నం, మర్నాటి వంటకు ఆకులు కడుగుతుంటే సెమీసి ఫోను చేశాడు. గొంతులో సంతోషం పట్టడం లేదు.

"శుభవార్త పెద్దమ్మా. ఐదో నెల. తోకి ఎవరికీ చెప్పొద్దంది, నేనే ఉండబట్టలేక. బిడ్డ కోసం మాత్రలు మానేసింది, కాని ఏం ఫరవాలేదు, వాల్వు కూడా సర్దుకుంది."

"సర్దుకోవడమేంటి?"

"చప్పుడు తగ్గిపోయింది. నాలుగు రోజులైంది, మెత్తగా అయిపోయింది. ఇప్పుడు చెవి పెట్టినా వినిపించడంలా. ఆయాసం కాస్త ఉంది, కడుపుతో ఉంటే ఉంటుందిగా. రాత్రుళ్ళు హాయిగా నిద్రపోతున్నా."

లోసలీన్ చేతిలో ఆకు నీళ్ళలో పడింది. "సెమీసీ, ఫోను తీసుకెళ్ళి తోకిలూపే రొమ్ము మీద పెట్టు. మాట్లాడకు."

అతను పెట్టాడు. ఆమె విన్నది. బట్ట రాసుకున్న చప్పుడు, దూరంగా కోడి, సముద్రం, గబగబా పడుతున్న ఊపిరి. టక్‌మనే చప్పుడు లేదు. వంటింట్లో తన గుండె కొట్టుకోవడం ఒక్కటే వినిపించింది.

విమానం గంట క్రితమే వెళ్ళిపోయింది. ఆదివారం విమానాలు తిరగవు. సోమవారం దాకా ఆగేలా లేదు. లోసలీన్ తెలిసిన ప్రతి ఇంటికీ ఫోను చేసింది. పాదిరిగారు, దీవి అధికారి ఒప్పుకుని ఆదివారం తెల్లవారుతూనే ఒక పడవను కదిలించారు. ఇక్కడి డాక్టర్లు మాత్రం ఏం చెయ్యగలరు? రక్తం గడ్డను కరిగించే మందు ఇవ్వగలరు. వాల్వు మార్చే చేతులు వచ్చే జూలై దాకా లేవు. అయినా ఆమె ఆక్సిజన్ సిలిండరు, మందు, ఇద్దరు డాక్టర్లను తీసుకుని మధ్యాహ్నం నుంచీ రేవులో నిలబడింది. కిటియోనే కూడా వచ్చాడు. చర్చిల్లో పాటలు మొదలై, ముగిసి, మళ్ళీ మొదలయ్యాయి.

సాయంత్రం పడవ కనిపించింది. ముందుభాగంలో సెమీసి చాప మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో తోకిలూపే తల ఉంది. ఆమె మీద ఎండ పడకుండా అతను ఇంకో చాప అడ్డుపెట్టి పట్టుకున్నాడు. ఎండ ఎప్పుడో దిగిపోయింది. అతను చాప దించలేదు. అది చూశాక లోసలీన్ సిలిండరు నేలమీద పెట్టేసింది.

కిటియోనే అంత్యక్రియలకు పాదాలకు తగిలే పాత చిరుగు చాప నడుముకు చుట్టుకుని వచ్చాడు; పోయిన మనిషి కన్నా తక్కువ వరస చుట్టాలు ఇక్కడ అలాగే వస్తారు, వెనక వంటపనీ వాళ్ళదే. మూడు రోజులు ఇంటి వెనకే, నేలపొయ్యి పొగలో పెండలం తోలు తీస్తూ ఉండిపోయాడు. ముందువైపు, శవం పెట్టిన చోటికి రాలేదు. లోసలీన్ ఒకసారి నీళ్ళు తీసుకెళ్ళింది. తాగి గ్లాసు తిరిగిచ్చాడు.

వాళ్ళిద్దరూ మాట్లాడుకున్నది ఆ తరవాత రెండు నెలలకు, వార్డు వరండాలో దుప్పట్లు మడతపెడుతూ. పావుగంట సంగతి అతను అప్పుడు చెప్పాడు. మాటకు మాట చెప్పాడు, కొబ్బరిమట్టల చప్పుడుతో సహా. చెప్పి, దుప్పటి కొస అందిస్తూ అన్నాడు.

"నువ్వు ఫైల్లో రాసి ఉంటే పిన్నీ, చదివి, ఆ కాగితం డాక్టరమ్మ ముందు పెట్టేవాణ్ణి. నోరు విప్పక్కర్లేకపోయేది."

"తెలుసు."

"నేను నిన్ను చెయ్యి పట్టి లాక్కొచ్చి ఉండాల్సింది."

"అదీ తెలుసు."

దుప్పట్లు ఇరవై రెండు. అన్నీ మడతపెట్టారు. జనవరిలో కిటియోనే పురుషుల ఎముకల వార్డుకు మార్పించుకున్నాడు.

లోసలీన్ కార్డులు అచ్చు వేయించింది. అరచేతంత కార్డు, మా టోంగా భాషలో ఆ ఒకటే ప్రశ్న, కింద కావాలి, వద్దు అని రెండు గళ్ళు, వెనకవైపు అదే ఇంగ్లీషులో. ఎవరూ నోరు తెరవక్కర్లేదు. గదిలో అన్నలు పదిమంది ఉన్నా పిల్ల దుప్పటి కింద గీత గీసి ఇవ్వొచ్చు, డాక్టరమ్మ జేబులో పెట్టుకోవచ్చు. పరకలు చీల్చే కత్తి కింద పెట్టి నాకొకటి చూపించింది. అక్షరాలు పెద్దవిగా, బాగున్నాయి. రెండువేల ఇరవై ఫిబ్రవరి అది.

మార్చిలో కరోనా భయంతో సరిహద్దులు మూశారు. ఆ జూలై బృందం రాలేదు. తరవాతి జూలై కూడా రాలేదు.

రోగం దేనికోసమూ ఆగదు కాబట్టి పిల్లలు వస్తూనే ఉన్నారు. లోసలీన్ రిటైరయ్యేదాకా ఒక్కొక్కరికీ కార్డు ఇచ్చింది. ఒకమ్మాయి, పదిహేడేళ్ళది, కార్డు తిప్పి తిప్పి చూసి అడిగింది. "ఇది ఇస్తే డాక్టర్లు తొందరగా వస్తారా?"

"రారు."

"మరెందుకు?"

"నీకేం కావాలో అడుగుతున్నా."

ఆ పిల్ల కాసేపు ఆలోచించి, రెండు గళ్ళకూ మధ్య గీత మీద గుర్తు పెట్టి ఇచ్చింది.

ముప్పై నాలుగు కార్డులు లోసలీన్ ఇంట్లో సొరుగులో ఉన్నాయి. ఆఫీసుకు ఇవ్వబోతే, ఏ ఫైల్లో పెట్టాలో తెలియదన్నారు. ఆ ముప్పై నలుగురిలో పదకొండు మంది ఇప్పుడు లేరు. ఆ రెండు గళ్ళ మధ్య గుర్తు పెట్టిన పిల్ల కూడా లేదు. వాళ్ళ కార్డులు వేరే తీసి పెట్టారా అని అడిగాను.

"లేదు. కలిపేసే ఉన్నాయి." పరకను వెలుగుకు ఎత్తి చూసింది. "అందరూ చెప్పారు. ఒక్కరు కూడా సిగ్గుపడలా."

పరక మధ్యలో పుచ్చు ఉంది. పక్కన పడేసి ఇంకోటి తీసుకుంది. నా చేతిలో చాప అంచు మళ్ళీ వంకర పోయింది. ఆమె చూసింది కాని ఆ రోజు సరిచెయ్యలేదు.